గిలాబు కాని గోడ

"సార్ ఉంటే ఫోన్ ఇయ్యుండ్రి మేడం. మీకు చెప్తే అర్థం గాదు."

మా ఇంటి మీద ఒక గది కట్టడానికి ఒప్పుకున్న కాంట్రాక్టరు 2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాతో అన్న మాట ఇది. నా చేతిలో అతను రాసిచ్చిన బిల్లు ఉంది. స్కూలు నోటుబుక్కులోంచి చింపిన కాగితం. పని మొత్తం 8,02,600. ముట్టినవి 5,60,000. ఇంకా ఇయ్యవలసినవి 2,42,600. కింద గీత, గీత కింద సంతకం. నా వెనక బయటి గిలాబు కాని గోడలు, రెక్కలు లేని కిటికీలు, పైపులు మాత్రం పొడుచుకు వచ్చిన బాత్‌రూం. పని ఆగిపోయి అప్పటికి పద్దెనిమిది రోజులు.

మా ఇంట్లో సార్ లేడు. నాన్న 2011లో పోయారు. తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగం. నేను పెళ్లిలోంచి బయటికి వచ్చి ఆరేళ్లవుతోంది. హనుమకొండలోని ఆ ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ. ఈ సంగతి అతనికి తెలియక కాదు. ఏడు నెలలుగా మా ఇంటి టీ తాగుతున్న మనిషి. తెలిసే అడిగాడు. సాహిత్యంలో డాక్టరేటు చేసి, విశ్వవిద్యాలయంలో పార్ట్ టైం పాఠాలు చెప్పుకునే నాకు "మీకు అర్థం గాదు" అన్న మాట మొహం మీద కొట్టినట్టయింది. ఇంకా బాధ ఏమిటంటే, ఆ క్షణాన అతను చెప్పింది నిజం. ఆ కాగితంలో ఉన్నది నాకు నిజంగానే అర్థం కాలేదు.

ఆ గది వెనక ఉన్న డబ్బు సంగతి ముందు చెప్పాలి. అది జీతం డబ్బు కాదు, బ్యాంకు అప్పు కాదు. అమ్మ పుట్టింటి భూమిలో ఆమె వాటా. అమ్మకు 1982లో పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం వచ్చినప్పుడు, అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించదన్నారు. నాలుగేళ్ల ముందు తాళి కట్టించుకున్నందుకు అమ్మ ఆ హక్కుకు బయట ఉండిపోయింది. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురేనన్నాక గానీ ఆమెకు దారి దొరకలేదు. అప్పటికి మామయ్యల మధ్య పంపకాలు కాలేదు కనుక అడగడానికి వీలయింది. అడగడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అడిగాక ఇద్దరు మామయ్యల్లో ఒకరు మాట్లాడడం మానేశారు. 2019లో చేతికి వచ్చిన డబ్బును అమ్మ మూడేళ్లు పోస్టాఫీసులో ఉంచింది. "నీకు రాసుకోనికి ఓ అర్ర గావాలె గదా" అని ఒకరోజు పాసుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

1929లో వర్జీనియా వుల్ఫ్ రాసిన సొంత గది వ్యాసాన్ని మన సదస్సుల్లో ఎన్నిసార్లు తలుచుకున్నామో లెక్కలేదు. అందులో కథ చెప్పే మనిషికి ఏడాదికి ఐదు వందల పౌన్లు ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం నేను చాలాకాలం పట్టించుకోలేదు. బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిపోయిన ఆస్తి అది. ఒక ఆడమనిషి ఆస్తి ఇంకో ఆడమనిషికి వస్తే ఆ గది సాధ్యమైంది. నా గదీ అంతే. ఆ గదికి ఇటుకలు ఎవరు మోశారన్న ప్రశ్న ఆ వ్యాసం చదివినప్పుడు నాకు తట్టలేదు. స్త్రీల ఆత్మకథల్లో శ్రమ గురించి నేను రాసిన 340 పేజీల థీసిస్‌లోనూ లేదు.

2022 జూన్‌లో వంద రూపాయల బాండు పేపరు మీద ఒప్పందం రాసుకున్నాం. ఒక గది, బాత్‌రూం, ముందు కొంచెం వరండా. 21 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు, స్లాబు కొలత 420 చదరపు అడుగులు. సామానుతో సహా అడుగుకు 1,700 చొప్పున 7,14,000. బయానా లక్ష, స్లాబు పోసిన రోజు రెండున్నర లక్షలు, గోడలు లేచాక లక్షన్నర, లోపలా బయటా గిలాబు అయ్యాక 1,14,000, రంగులు వేసి తాళంచెవి ఇచ్చిన రోజు చివరి లక్ష. మొదటి మూడు విడతలూ సమయానికే ఇచ్చాం. 2023 జనవరి 20న అతను వచ్చి, "కూలోళ్లకు వారం పైసలియ్యాలె మేడం, ఆగమైతున్నరు" అంటే బయటి గిలాబు మొదలుపెట్టకముందే నాలుగో విడతలోంచి 60,000 ఇచ్చాను. రసీదు అడగడానికి మొహమాటపడ్డాను. జనవరి 28 తర్వాత ఎవరూ పనికి రాలేదు.

బిల్లు గురించి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు నవ్వి, "అక్కా, ఆయన నాకు మొన్ననే చేసిండు. ఓ లక్ష ఇచ్చి పని చేయించుకోమన్నా గదా" అన్నాడు. మొన్ననే! అంటే నాకు కాగితం ఇవ్వకముందే బెంగుళూరులో ఉన్న, ఈ గది కోసం ఒక్క ఇటుక కూడా చూడని తమ్ముడితో బేరం అయిపోయింది. ఒప్పందం మీద సంతకం అమ్మది. డబ్బు అమ్మది. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. అయినా మాట ఇచ్చింది కొడుకు. వాడు చెడ్డవాడు కాదు. "ఎందుకు గొడవ, నేనే పంపిస్తా" అన్నాడు కూడా. ఆ మంచితనంలోనే అమ్మను లెక్కలోంచి తీసేయడం ఉందని వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. అమ్మ ఫోన్ తీసుకుని, "నువ్వు పంపకు బిడ్డా. లెక్క చూసినంక ఇచ్చేదుంటే నేనే ఇస్త" అని పెట్టేసింది.

ఆ రెండో రోజు పొద్దున ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. మా ఇంటి పనికి మాలు కలిపి, ఇసుకా ఇటుకా మోసినవాళ్లు. పెద్దామెకు యాభై దాటి ఉంటాయి. చిన్నామె నాకంటే చిన్నది. "మీరు పైసలియ్యలేదట గదా మేడం. మాకు పన్నెండు రోజుల కూలి రావాలె" అంది పెద్దామె. కోపంగా కాదు, అడగడానికి సిగ్గుపడుతున్నట్టు. నేను ఇరవయ్యో తారీఖున ఇచ్చిన అరవై వేల సంగతి చెప్పాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాకు ముట్టలే" అంది చిన్నామె.

రోజుకు 500. ఇద్దరికీ పన్నెండు రోజులవి 12,000. తాపీ మేస్త్రీకి రోజుకు 900 లెక్కన 10,800. అంతకు ముందు రాత్రంతా నేను కాంట్రాక్టరుకు ఒక్క రూపాయి ఇవ్వకుండా ఎలా పోరాడాలా అని ఆలోచించాను. న్యాయం నా పక్కన ఉందనుకున్నాను. ఇప్పుడు నేను ఎంత గట్టిగా పట్టుకుంటే, ఆ పిడికిలి కింద నలిగేది అతను కాదు, వీళ్లు. అతనికి ఆ సంగతి బాగా తెలుసు. నా మీద ఒత్తిడి పెట్టడానికే వాళ్లను మా గేటు దగ్గరికి పంపాడని ఆ తర్వాత అర్థమైంది. ఆడవాళ్లను ఆడవాళ్ల మీదికి పంపడం పాత పద్ధతే.

అప్పుడే ఇచ్చేద్దామని లోపలికి పోబోతే అమ్మ ఆపింది. "ఇస్తే ఇయ్యొచ్చు. రేపు ఆయన అది నేనిచ్చిన లెక్కల పడది అంటే ఏం జేస్తవ్? రాసుకొని ఇయ్యాలె" అంది. వాళ్లను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చెరి రెండు వేలు చేబదులుగా ఇచ్చి, తన రిజిస్టరు తెచ్చింది.

అమ్మ ఇరవై ఏడేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. చదువు ఏడో తరగతి. హాజరు, బరువులు, బియ్యం, పప్పు, గుడ్లు, అన్నింటికీ రిజిస్టర్లు రాసిన చెయ్యి. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. గది పని మొదలైన రోజు నుంచి ఒక పొడుగాటి రిజిస్టర్లో గీతలు కొట్టి రాస్తూ వచ్చింది. ఫలానా రోజు మేస్త్రీలు ఎందరు, మొగ కూలీలు ఎందరు, ఆడ కూలీలు ఎందరు, సిమెంటు బస్తాలు ఎన్ని దిగాయి, ఎన్ని వాడారు, ఎవరు నీళ్లు కొట్టారు. నేను ఎన్నోసార్లు చూసి, ఊసుపోక రాసుకుంటోంది అనుకున్నాను. స్త్రీల డైరీలూ పద్దుల పుస్తకాలూ చరిత్రకు ఆధారాలని తరగతిలో చెప్పే నేను, మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఉన్న దాన్ని ఆధారంగా చూడలేదు.

ప్రభుత్వ పనుల్లో ఎం.బుక్ అని ఒకటి ఉంటుంది. చేసిన పనిని కొలిచి అందులో ఎక్కించకుండా బిల్లు పాస్ కాదు. ఈ సంగతి మా వీధిలో పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసిన అమ్మాయి చెప్పింది. ఆదివారం టేపు తెచ్చి, మూడు గంటలు నాతో కొలిపించింది. టేపు ఒక కొస నేను పట్టుకుంటే ఇంకో కొస ఆ అమ్మాయి, రాసేది అమ్మ. గోడ ఎత్తు, కిటికీ వెడల్పు, సజ్జ బయటికి ఎంత వచ్చింది. "మనం కొలిస్తే వాళ్లకు కోపం వస్తది మేడం. సైటు మీద నన్ను గూడ టేపు పట్టుకోనియ్యరు, చాయ్ తెమ్మంటరు" అంది ఆ పిల్ల నవ్వుతూ.

కొలిచాక బిల్లు అర్థమైంది. అందులో 452 చదరపు అడుగులు వేశాడు. ఎక్కువైన 32 అడుగులూ సజ్జలవి. రెండు కిటికీల మీద ఐదేసి అడుగులు, తలుపు మీద నాలుగు, బాత్‌రూం వెంటిలేటర్ మీద రెండు, మొత్తం పదహారు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒప్పందంలో స్లాబు కొలత అని రాసి ఉంది. సజ్జ స్లాబు కాదు. మిగతా 34,200 స్టీలు ధర పెరిగిందని వేశాడు. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో స్టీలు బాగా పెరిగిన మాట నిజమే. మే నెలలో కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేశాక ధరలు దిగాయి. మా ఒప్పందం జూన్‌లో అయింది, ఇనుము దిగింది జూలై తర్వాత. పెరిగినది ధర కాదు, నాకు తెలియదన్న నమ్మకం.

తర్వాత మిగిలిన పని ఖరీదు కట్టాం. ఇద్దరు వేరే మేస్త్రీలను పిలిచి విడివిడిగా అడిగి, మధ్యస్థంగా వేసుకున్నాం. బయటి గిలాబు 38,000, స్లాబు పైన నీరు దిగకుండా చేసే పని 16,000, బాత్‌రూం టైల్సూ సామానూ 41,000, తలుపులూ కిటికీ రెక్కలూ 34,000, రంగులు 30,000, కరెంటు స్విచ్చులు 9,000. మొత్తం 1,68,000. ఒప్పందం ప్రకారం మేము ఇంకా ఇవ్వవలసింది 1,54,000. అంటే అతనికి మేము బాకీ లేకపోగా, అతనే మాకు 14,000 పడ్డాడు! ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం థీసిస్ వైవా అయిన రోజున కూడా కలగలేదు.

ఆ సంతోషంలోనే నేను చేసిన పని కూడా చెప్పాలి. నోటీసుకు జతచేయడానికి అమ్మ రిజిస్టరు పేజీలు జిరాక్స్ తీయించాను. అన్నీ తీయించి, ఒక పేజీ వదిలేశాను. నవంబరులో తూర్పు గోడ లింటల్ దాకా లేచాక నేను పైకి వెళ్లి చూసి, ఇక్కడ పుస్తకాలకు గూళ్లు కావాలి, కిటికీ ఇంకొంచెం అటు జరగాలి అన్నాను. గోడ తీసి మళ్లీ కట్టారు. దాని గురించి ధర మాట్లాడలేదు, కాగితం రాయలేదు. అతని బిల్లులోనూ అది లేదు, మరిచిపోయాడో, సజ్జల్లో కలుపుకున్నాడో. అమ్మ పేజీలో మాత్రం ఉంది: "బిడ్డ చెప్తే గోడ పీకిండ్రు. 2 దినాలు. మేస్త్రీ 1, మొగ 1, ఆడ 2. పెళ్లలు ఆడోళ్లే దించిండ్రు."

జిరాక్సులు వరసగా పెడుతూ అమ్మ అడిగింది. "నవంబరుది ఒకటి లేదేంది?"

"అది మనకు ఉపయోగపడదమ్మా."

అమ్మ నా వైపు చూసింది. "ఆయన గూడ గట్లనే అనుకొని రాసిండు ఆ బిల్లు" అంది.

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఏ పాఠాన్ని చదివినా మౌనాలను చదవాలని, రాయకుండా వదిలేసిన చోటే అధికారం దాక్కుంటుందని విద్యార్థులకు చెప్పేదాన్ని. నా చేతిలో అధికారం కొంచెం పడగానే నేను చేసిన మొదటి పని ఒక పేజీ మాయం చేయడం. ఆ పేజీలో దాగింది కాంట్రాక్టరు లాభం ఒక్కటే కాదు. పీకిన గోడ పెళ్లలను పందొమ్మిది మెట్లు దించిన ఇద్దరు ఆడవాళ్ల రెండు రోజుల చెమట కూడా. మరునాడు ఆ పేజీ కూడా జిరాక్స్ తీయించాను. గూళ్ల పని 11,000 అని అందరం కలిసి ఖరీదు కట్టి, ఆ మొత్తాన్ని మేము ఇవ్వవలసిన వైపు వేసుకున్నాం. అతను మాకు పడ్డ 14,000 కాస్తా 3,000కు దిగింది.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవేనని, అందులో లోపం ఉంటే వినియోగదారుల చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, మేము చెల్లించిన మొత్తానికి జిల్లా కమిషన్‌లో ఫీజు 200 రూపాయలు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. కానీ అక్కడ మేమూ, కాంట్రాక్టరూ ఉంటాం. కూలి రావలసిన ముగ్గురికీ ఆ కాగితాల్లో చోటు లేదు. అది తేలేదాకా వాళ్లు ఆగాలి. వానలు కూడా ఆగవు, గిలాబు కాని గోడ ఒక వానాకాలం తడిస్తే లోపలి గిలాబు కూడా పాడవుతుంది.

అందుకని అదాలత్ సెంటర్‌లో ఉన్న కోర్టుకు వెళ్లి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టాం. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఇన్నేళ్లుగా స్త్రీల సమస్యల మీద రాస్తూ కూడా, గృహహింస కేసులకో, మనోవర్తికో తప్ప డబ్బు తగాదాకు కూడా ఆ గడప ఎక్కవచ్చని నాకు తోచలేదు. ఎందుకంటే ఆడవాళ్ల తగాదా అంటే మొగుడితోనో, అత్తింటితోనో అని నేనూ అనుకుంటున్నాను. ఇనుము, సిమెంటు, చదరపు అడుగులు ఆడవాళ్ల తగాదా కాగలవని నాకే నమ్మకం లేదు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడించి, ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డుగా రాస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, మీద అప్పీలు ఉండదు. అర్జీ అమ్మ పేరు మీద పెట్టాం. అమ్మ ఇంకో మాట పట్టుబట్టింది. కూలి రావలసిన ముగ్గురి పేర్లు, రోజులు అందులో రాయాలని.

మొదటి పిలుపుకు అతను రాలేదు. రెండోసారి, 2023 మే నెల మండుటెండలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను చూసి తల తిప్పుకున్నాడు. "మొగదిక్కు లేని ఇల్లు సార్, ఎవరో చెప్తే విని కోర్టుకెక్కిండ్రు" అన్నాడు బెంచి ముందు. న్యాయాధికారి ఆ మాట పట్టించుకోకుండా కాగితాలు అడిగారు. అతని దగ్గర నోటుబుక్కు కాగితం ఒక్కటే. అమ్మ సంచిలోంచి రిజిస్టరు తీసింది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే సార్. రోజూ రాసిన."

"మీకు అనుకూలంగా ఉన్నవే రాశారా?"

అమ్మ పేజీలు తిప్పి నవంబరు పేజీ తీసి ముందు పెట్టింది. "మా బిడ్డ గోడ పీకిపిచ్చింది గూడ రాసిన సార్." ఆ తర్వాత ఎవరూ రిజిస్టరును అనుమానించలేదు. నేను దాచబోయిన పేజీ మిగతా పేజీలన్నింటికీ సాక్ష్యమైంది.

సజ్జలూ స్టీలూ పది నిమిషాల్లో పోయాయి. కూలీల దగ్గర అతను గొంతు తగ్గించాడు. మా గదికి ఇచ్చిన అరవై వేలు ఇంకో సైటులో సెంట్రింగ్‌కు పెట్టానన్నాడు. అక్కడ అపార్ట్‌మెంట్ కట్టిస్తున్న పెద్దాయన తనకు ఐదు నెలలుగా బిల్లు ఆపాడన్నాడు. "నేను గూడ పదేండ్లప్పటి సంది ఇటుకలు మోసినోన్నే సార్. కాంట్రాక్టరంటే పేరుకే. మీదికెల్లి రాకపోతే కిందికి యాడికెల్లి ఇయ్యాలె?" ఆ మాట నటన అనిపించలేదు. పైవాడు అతనికి ఆపాడు, అతను కిందివాళ్లకు ఆపాడు. మెట్టు మెట్టుకూ ఆగిన డబ్బు భారం చివరికి అందరికంటే కింద నిలబడి తట్ట ఎత్తుకున్న మనిషి నెత్తి మీద పడుతుంది. అతని మీద నాకున్న కోపం పోలేదు, కానీ దాని ఆకారం మారింది. మాకు పెట్టింది దొంగ బిల్లే. అయినా ఆ దొంగతనం అతనితో మొదలైంది కాదు.

చివరికి రాజీ ఇలా కుదిరింది. అతను 2,42,600 బిల్లు వదులుకున్నాడు. టైల్సు, తలుపులు, రంగులు, కరెంటు పని మేమే వేరేవాళ్లతో చేయించుకుంటాం, వాటి ఖరీదు 1,14,000. గూళ్ల పనితో కలిపి మేము ఇవ్వవలసిన 1,65,000లోంచి అది పోగా మిగిలేది 51,000. ఆ డబ్బుకు అతను బయటి గిలాబూ, స్లాబు పనీ వానలు పడేలోగా పూర్తి చేయాలి. ఆ 51,000లోంచి ముందుగా 22,800 పాత కూలి బకాయి, కూలీల చేతికే, వాళ్ల వేలిముద్రతో. అమ్మ ఇచ్చిన చేబదులు అందులోంచే మినహాయింపు. మిగిలిన 28,200 పని సాగినకొద్దీ. మాకు రావలసిన 3,000 మేము వదులుకున్నాం. సంతకాలయ్యాక అతను అమ్మ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, మనసుల పెట్టుకోకు" అన్నాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్తే కొంచెంసేపు ఊరుకుని, "నాకు ముందే చెప్తే వస్తుంటి గదా" అన్నాడు.

ఇక్కడితో ఆపితే ఇది గెలుపు కథ. కానీ ఒక లెక్క మిగిలింది. గిలాబు పని మళ్లీ మొదలైన రోజున, కింద మాలు కలిపే మొగ కూలీకి 700, అదే మాలు పందొమ్మిది మెట్లు ఎక్కించే ఆడవాళ్లకు 500. నేను అడిగితే, "అడ్డా మీద రేటే గది మేడం. మొగోని పని వేరు" అన్నాడు కాంట్రాక్టరు. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. దాన్ని కలుపుకున్న వేతనాల కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఏ చట్టం వచ్చినా అడ్డా మీద పొద్దున ఏడు గంటలకు రేటు చెప్పే గొంతు మాత్రం అదే. పని జరిగిన తొమ్మిది రోజులూ ఇద్దరికీ రోజుకు రెండు వందలు నా జీతంలోంచి కలిపి ఇచ్చాను. మొత్తం 3,600. పెద్దామె తీసుకుని, కొంగున ముడేసుకుంటూ అంది, "నువ్విస్తున్నవ్ సరే బిడ్డా. రేపు ఇంకో కాడ ఎవరిస్తరు?"

జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు. నా దయ వాళ్ల హక్కు కాదని ఆమె నాకంటే స్పష్టంగా చెప్పింది. కాంట్రాక్టరు నన్ను "సార్‌ను పిలవండి" అన్నప్పుడు నాకు కలిగిన అవమానాన్ని నేను ఇన్ని కాగితాలతో కడుక్కోగలిగాను. నాకు చదువుంది, అమ్మ పేరున ఇల్లుంది, ఆమెకు రిజిస్టరు రాసే చెయ్యి ఉంది. రోజుకు రెండు వందలు తక్కువ తీసుకుని ఇంటికి పోయే ఆమె అవమానానికి ఏ బెంచి ముందు అర్జీ ఉంది? ఆమె ఒక్క రోజు అదాలత్ సెంటర్‌కు వస్తే ఆ రోజు కూలి పోతుంది. మేము రాజీ చేసుకున్న రోజున కూడా ఆ ఇద్దరూ రాలేదు. వేరే చోట స్లాబు పోస్తున్నారని పనికి పోయారు. వాళ్ల పేర్లు మాత్రమే వచ్చాయి.

ఈ వ్యాసం ఆ గదిలో కూర్చునే రాస్తున్నాను. తూర్పు గోడకు గూళ్లున్నాయి, వాటి నిండా పుస్తకాలున్నాయి. నా థీసిస్ పక్కనే అమ్మ రిజిస్టరు కూడా పెట్టుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు, "దాంట్ల ఇంకా పేజీలున్నయి, పాల లెక్క రాసుకుంట" అంటుంది. గది పనికి సంబంధించి అందులో చివరి పేజీ 2023 జూన్ మొదటి వారంది. "గిలాబు అయింది. కూలి చేతికిచ్చిన. ఆడోళ్లకు 700. బిడ్డ కలిపింది 200, కాంట్రాక్టరు ఇయ్యలే." ఆ కింద ఎప్పుడూ రాసే "బాకీ లేదు" అన్న మాట ఆ రోజు అమ్మ రాయలేదు. ఎందుకు రాయలేదని నేను అడగలేదు.